లెక్కపెట్టినవాళ్ల పేరు

నలభై ఏడో లాటు చుట్టలు విప్పిన రోజున రిబ్కా రెండుసార్లు లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెట్టే అలవాటు ఆమెకు లేదు. తెనాలి పొలిమేరలోని ఆ విత్తనాల కంపెనీలో పదకొండేళ్లుగా వడ్ల మొలకలు లెక్కపెట్టడమే ఆమె పని. నూరు గింజల్ని తడి కాగితం మీద వరసగా పేర్చాలి. చాపలా చుట్టి నీడన నిలబెట్టాలి. పద్నాలుగోనాడు విప్పాలి. ఒకసారి దింపుకున్న సరుకు ఒక లాటు, లాటుకు నాలుగు చుట్టలు. వేరూ ఆకూ రెండూ వేసింది బతికినట్టు. ఒక్క వేరు వేసి ఊరుకున్నదీ, మెలితిరిగి నల్లబడ్డదీ, ఉబ్బి కుళ్లిందీ చచ్చినట్టు. పట్టకారుతో ఒక్కొక్కదాన్నే ఎత్తి, చచ్చినవాటిని ఎడమకూ బతికినవాటిని కుడికీ పెడుతుంది. లెక్కలో ఉన్నప్పుడు పిలిస్తే పలకదు. కొంప అంటుకుందన్నా నూరయ్యేదాకా లేవదని సంచులు మోసే ముఠావాళ్లు నవ్వుకుంటారు.

"అరవై ఒకటి, యాభై ఎనిమిది, అరవై నాలుగు, అరవై ఒకటి. సగటున అరవై ఒకటి. రాసుకో అమ్మాయ్."

కుసుమకుమారి రాసుకోలేదు. "మీరే కొట్టండి పిన్నీ. నేర్పానుగా."

కుసుమది రేపల్లె. బాపట్లలో కంప్యూటరు కోర్సు చదివి, నాలుగు నెలల కిందట ఈ కంపెనీలో చేరింది. విత్తనం దింపుకున్న రోజు నుంచి సంచి గేటు దాటేదాకా ఏ లాటు ఏమైందో చెప్పే పట్టికలన్నీ ఆ పిల్ల కట్టినవే. ఒకరి పని ఇంకొకరి నెత్తిన పడకూడదని, మిషను ముందు కూర్చునే ప్రతి మనిషికీ విడిగా పేరూ, రహస్యపు మాటా పెట్టింది. ఎవరు కొట్టిన అంకె పక్కన వాళ్ల పేరే పడుతుంది. రిబ్కా కుడిచేతి చూపుడువేలు చీరకు తుడుచుకుని ఆరు వెతికి నొక్కింది, ఒకటి వెతికి నొక్కింది. తెర మీద అరవై ఒకటి, దాని పక్కన రిబ్కా.

మేనెలలో వచ్చిన అకాల వానకు కళ్లంలో తడిసిన వడ్లవి. పైకి బంగారంలా ఉన్నాయి. లోపల జీవం లేదు. నూటికి ఎనభై మొలవకపోతే విత్తనమని అమ్మడానికి వీల్లేదు. కాలవకు నీళ్లొదిలే రోజులు దగ్గరపడ్డాయి. గొడౌనులో ఆ లాటువి మూడువందల సంచులున్నాయి.

మధ్యాహ్నం ఓనరు హనుమంతరావు కుసుమను మేడమీద గదికి పిలిపించాడు. మేనేజరు ప్రకాశరావు అప్పటికే కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు.

"అమ్మాయ్, నీ మిషను ఎవరి జీతం తింటోంది?"

"మీదే సార్."

"మరి నా మాట వినదేం?"

ప్రకాశరావు నవ్వాడు. ఆ గదిలో నవ్వడం కూడా అతని ఉద్యోగంలో భాగమే.

"ఎనభైకి తక్కువ ఏదొచ్చినా ఎనభై దాటాలి," అన్నాడు హనుమంతరావు. "అన్నిటికీ ఒకటే అంకె పడకూడదు. తనిఖీకొచ్చేవాడు గుడ్డోడు కాదు. చేత్తో దిద్దితే దిద్దినట్టు కనపడుద్ది. దానంతటదే అవ్వాలి. అవుద్దా?"

"అవుద్ది సార్. ట్రిగ్గర్ రాయాలి," అంది కుసుమ.

చేతిలో విద్య ఉన్నవాళ్లని ఇది వస్తుందా అని అడిగితే వస్తుందనే అంటారు. ఎందుకని అడగడం తర్వాత గుర్తొస్తుంది. కుసుమకూ అంతే అయింది.

"అంటే ఏంటి?"

"పట్టికలోకి అంకె అడుగుపెట్టేముందు దాన్ని పట్టుకుని, మనం చెప్పినట్టు చేసి లోపలికి పంపుద్ది సార్. ఎవరూ ఏమీ నొక్కక్కర్లేదు. ఎలకబోను పెట్టినట్టు."

"బోనా," అన్నాడు హనుమంతరావు. ఆ మాట ఆయనకు నచ్చింది. "పెట్టు మరి."

కుసుమ ముందు కాగితం మీద రాసుకుంది. వచ్చే అంకె ఎనభైకి తక్కువైతే, లాటు నెంబరును ఏడుతో భాగించాలి. మిగిలినదాన్ని ఎనభైకి కలిపి, అదే వచ్చిన అంకె అనుకోమని పట్టికకు చెప్పాలి. నలభై ఏడుకు ఐదు మిగులుతుంది, ఎనభై ఐదు పడుతుంది. నలభై ఎనిమిదికి ఎనభై ఆరు. నలభై తొమ్మిదికి నిండా ఎనభై. చూసినవాళ్లకు అనుమానం రాదు. రెండు గంటల్లో పదిహేను వరసలు రాసింది. ఒక్క తప్పు లేకుండా మొదటిసారే మిషను ఒప్పుకుంది. అట్లా ఒప్పుకోవడం అరుదు. ఆ పిల్ల ముఖం వెలిగింది. తప్పని తోచలేదా అంటే తోచింది. పని కుదిరిన సంతోషం ముందు వచ్చింది, అది వెనకాల వచ్చింది.

మర్నాడు పొద్దున రిబ్కా రాగానే, "నిన్నటి నలభై ఏడు చెరిగిపోయింది పిన్నీ, మళ్లీ కొట్టండి," అని చెప్పి కుసుమ తన గదిలోకి వెళ్లి కూర్చుంది.

రిబ్కా ఆరు నొక్కింది, ఒకటి నొక్కింది. తెర ఒకసారి మినుక్కుమని ఎనభై ఐదు చూపించింది. చెరిపి మళ్లీ కొట్టింది. ఎనభై ఐదు. కళ్లద్దాలు తీసి పైటచెంగుతో తుడుచుకుని, మీటల్ని ఒక్కొక్కదాన్ని వేలితో తడిమి చూసి, మూడోసారి కొట్టింది. ఎనభై ఐదు. లేచి నోటుపుస్తకం పట్టుకుని కుసుమ గదికి వచ్చింది.

"అమ్మాయ్, నా వేలన్నా చెడాలి, నీ పెట్టన్నా చెడాలి. చూడు."

కుసుమ తల ఎత్తలేదు. "మిషను సర్దుకుంటదిలే పిన్నీ."

"సర్దుకోడమేంటి? మొలకలు సర్దుకున్నాయా? చుట్టలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి, వచ్చి చూడు."

కుసుమ వెళ్లలేదు. రిబ్కా ఆ పిల్ల మెడ వంపు చూసింది, మీటల మీద ఊరికే ఉన్న వేళ్లు చూసింది. అర్థమైంది. ఇంకేమీ అడక్కుండా, నోటుపుస్తకం ఆ బల్ల మీదే వదిలి వెళ్లి యాభైయ్యో లాటు చుట్టలు విప్పుకుంది.

పదకొండు గంటలకు ప్రకాశరావు అచ్చు కాగితాలు పట్టుకుని గదిలోకి వచ్చి బల్ల మీద పడేశాడు.

"సంతకం చెయ్."

రిబ్కా నూరు పూర్తిచేసి, పట్టకారు పక్కన పెట్టి, కాగితం ఎత్తి చదివింది. సంతకం, అంకెలు, బైబిలు వచ్చు ఆమెకు. నలభై ఏడు ఎదురుగా ఎనభై ఐదు. లెక్కపెట్టినవారు, రిబ్కా.

"ఇది నా లెక్క కాదండి."

"పేరు నీది కాదా?"

"పేరు నాదేనండి. లెక్క నాది కాదు."

"నీ లెక్క ఎవడిక్కావాలే? నీ పేరు కావాలి, చెయ్."

ఆ మాట నిజం. నగరం మండలంలోనూ, రేపల్లె చుట్టుపక్కలా రైతులు సంచి కొనేముందు ట్యాగు తిప్పి చూస్తారు. రిబ్కా లెక్కయితే ఇంకో మాట అనకుండా ఎత్తుకుంటారు. ఆమె అటువైపు మనిషి. నాట్లు వేసిన చెయ్యి, కోతలు కోసిన చెయ్యి. పదకొండేళ్లలో ఒక్క సంచికీ ఆమె అంకె తప్పలేదు. అందుకే ట్యాగు మీద మొలకశాతం కింద లెక్కపెట్టినవారి పేరు కూడా అచ్చువేయించాడు హనుమంతరావు. వేయించినందుకు ఆమె జీతం పెరగలేదు, అమ్మకం పెరిగింది.

"మా మరిది బాలస్వామి రెండు సంచులు చెప్పుకున్నాడండి," అంది రిబ్కా. "కౌలుకి ఎకరన్నర చేస్తున్నాడు. వదినా, నీ పేరున్నవే తెచ్చుకుంటానన్నాడు. నానబోసి మొలకకని మండె కట్టి విప్పితే సగం గింజ కుళ్లుకంపు కొడుద్ది. అప్పుడు ఇంకో విత్తనం యాడ దొరుకుద్దండి? కాలవ నీళ్లు ఆగుతాయా ఆయన కోసం?"

"అదంతా నాకెందుకు? సంతకం చెయ్యకపోతే మానెయ్. మిషనులో నువ్వే కొట్టావని ఉంది. నువ్వు చేసినా నీ పేరే, చెయ్యకపోయినా నీ పేరే. రేపు ఎవడన్నా కేసు పెడితే దాన్నే చూపిస్తాం."

కాగితాలు అక్కడే వదిలి పోయాడు. రిబ్కా వాటిని తడి తగలని చోటికి జరిపి పట్టకారు తీసుకుంది. కోపం మీద మొలక ఎత్తకూడదు, వేరు తెగుతుంది. పట్టకారు మళ్లీ కింద పెట్టింది.

పక్కగదికి చెక్క అడ్డమే గోడ. ప్రతి మాటా కుసుమకు వినపడింది. మిషనులో నువ్వే కొట్టావని ఉంది. ఆ ఉండేటట్టు చేసింది తనే. ఒకరి పని ఇంకొకరి మీద పడకూడదని కట్టిన కట్టుదిట్టమే ఆమె మెడకు తాడయింది. బోను అంకెను మార్చింది, పేరును తాకలేదు. తాకమని తను చెప్పలేదు. పదిహేను వరసల్లో పేరు ఊసే లేదు.

కుసుమకు కోపం వచ్చింది. ముందు ప్రకాశరావు మీద, తర్వాత మేడమీద గది మీద. తన మీద వచ్చినదాన్ని కూడా వాళ్ల మీదికే తోసింది. తలుపు దగ్గరికి వేసుకుని, నిన్న రాసిన రాత తెరిచింది. అంకెను మార్చే వరస కింద ఇంకో వరస చేర్చింది. ఎప్పుడైతే ఈ రాత అంకెను మారుస్తుందో, అప్పుడు లెక్కపెట్టినవారి పేరు కూడా మారాలి. ఏ పేరు? మార్చమన్నవాడి పేరు. కె. హనుమంతరావు అని కొట్టింది. మీటలు విరుగుతాయేమో అన్నంత గట్టిగా కొట్టింది.

నలభై ఏడుకు మళ్లీ అరవై ఒకటి కొట్టి చూసింది. ఎనభై ఐదు, హనుమంతరావు. రిబ్కా పేరు మాయమైంది.

సంతకం కాగితాల సంగతి ఆ పూట ఎవరూ మళ్లీ ఎత్తలేదు. మధ్యాహ్నం గరగరమంటూ ప్రింటరు మూడువందల ట్యాగులు అచ్చుకొట్టింది. ప్రకాశరావు పైనున్నది తీసి అంకె చూశాడు, బాగుందన్నాడు. అతను చూడవలసింది అంకె ఒక్కటే. సంచులు కుట్టే బసవపున్నయ్య సాయంత్రానికల్లా అన్నిటికీ ట్యాగులు వేసి కుట్టేశాడు.

రేపల్లె ప్యాసింజరులో ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ఎప్పుడూ మాట్లాడుకుంటూ వెళ్లేవాళ్లు. ఈరోజు రిబ్కా కిటికీ వైపు తిరిగి కూర్చుంది. వేమూరు దాటాక కుసుమ ముందుకు వంగి, చుట్టూ చూసి, చిన్న గొంతుతో చెప్పింది.

"పిన్నీ, మీ పేరు తీసేశాను. ఆ ట్యాగుల మీద ఇప్పుడు ఓనరు పేరే ఉంది. ఎవడన్నా కేసు పెడితే ఆయనే పోతాడు. మీకేం కాదు."

రిబ్కా కిటికీ బయటకు చూస్తూనే ఉంది. దమ్ముకు ఎదురుచూస్తున్న పొలాలు ఎండి బీటలిచ్చి ఉన్నాయి. కుసుమ ఆమె ముఖంలో ఏదో ఒకటి కనపడుతుందని చూసింది.

"అంకె?" అంది రిబ్కా.

"ఏంటి?"

"అంకె ఎంతుంది?"

"ఎనభై ఐదు. అదీ..."

"నా పేరు తీసి ఆయన పేరు పెట్టావు. అంకె అట్టాగే ఉంచావు." ఆమె గొంతు పెరగలేదు. పక్కన తౌడు మూటతో కూర్చున్న ముసలాయన మాత్రం తల తిప్పి చూశాడు. "ఆ వడ్లు నారుమడిలో పడ్డాక ట్యాగు మీద ఎవరి పేరుంటే ఏంటే? గింజ చదువుకుంటదా? ఓనరు పేరు చూసి సిగ్గుపడి మొలుచుద్దా? కేసు పెట్టడానికి గుంటూరు పోతాడా బాలస్వామి? అప్పటికి ఊళ్లో అందరి నాట్లూ అయిపోతాయి. ఈయన చేను ఒక్కటే బోసిగా ఉంటది."

"మీ పేరు కాపాడదామని పిన్నీ."

"నా పేరు నేను కాపాడుకుంటా. పదకొండేళ్లనుంచి కాపాడుకుంటన్నా, నీ పెట్టె రాకముందు నుంచీ. నీకు తెలిసింది పేర్లు మార్చడం. చదువుకున్నోళ్లకి అది తేలికే."

భట్టిప్రోలులో బండి ఆగింది. ముసలాయన తౌడు మూటతో దిగిపోయాడు. పల్లెకోన దాటింది. కుసుమ తన చేతుల్ని చూసుకుంటూ కూర్చుంది. రేపల్లెలో దిగాక రిబ్కా నగరం ఊరికి పోయే బస్సు కోసం పరుగెత్తింది. వెనక్కి తిరగలేదు.

తెల్లారి ఎనిమిదిన్నరకే గేటు దగ్గర లారీ నిలబడి ఉంది. ముఠావాళ్లు తలగుడ్డలు చుట్టుకుంటున్నారు. సరుకు కదిలే రోజున మొదటి సంచి మీద చెయ్యివేసి దణ్ణం పెట్టుకోవడం హనుమంతరావు అలవాటు. చెయ్యి వేశాడు. వేళ్ల కింద ట్యాగు తగిలింది. ఎందుకో తిప్పి చదివాడు. చదివి, పక్క సంచి ట్యాగు తిప్పాడు. ఇంకోటి తిప్పాడు.

"ప్రకాశరావ్."

ప్రకాశరావు చూశాడు.

"ఇది ఆ పిల్ల పనండి. రిబ్కా పేరుతో మళ్లీ కొట్టిస్తాను."

"రిబ్కా పేరొద్దు. సంతకం పెట్టనన్న మనిషి ఊరంతా చెబుద్ది. ఇంకెవరిదన్నా వెయ్. నీది వెయ్."

ప్రకాశరావు నవ్వలేదు. "నా పేరొద్దండి. మా అత్తగారిది చెరుకుపల్లి. వాళ్లు మన విత్తనమే చల్లుతారండి."

"కోటేశ్వరరావ్."

గుమాస్తా కోటేశ్వరరావు చేతిలో టీగ్లాసుతో వచ్చాడు. సంగతి విన్నాడు. గ్లాసు గోడ మీద పెట్టేశాడు. "మొలకల సంగతి నాకు తెలీదండి. లెక్కపెట్టానంటే నవ్వుతారు."

"పేరే కదయ్యా."

"అవునండి. అయినా వద్దండి."

హనుమంతరావుకు పట్టుదల పెరిగింది. తన కాంపౌండులో ఒక్క పేరు దొరకదా అని. గొడౌను గుమ్మంలో నిలబడి, కుట్టుమిషను దగ్గరున్న బసవపున్నయ్యను అందరూ వింటుండగా అడిగాడు.

"ఒరే, ఈ ట్యాగుల మీద నీ పేరు వేయిస్తా. ఇన్నేళ్లకు నీ పేరు అచ్చులో పడుద్ది."

"సంచి కుట్టేవాడి పేరా? ఎందుకండి?"

"పేరే కదరా. నీ సొమ్మేం పోయింది?"

బసవపున్నయ్య దారం ఉండ కింద పెట్టాడు. "పేరే కదండి. మీదే ఉంచండి."

ముఠావాళ్లలో ఒకడు కిసుక్కుమన్నాడు. మిగతావాళ్లు నవ్వలేదు. ఒకళ్ల ముఖాలు ఒకళ్లు చూసుకున్నారు. నిన్నటిదాకా నలుగురికే తెలిసిన సంగతి, పేరు అడిగి అడిగి హనుమంతరావు తనే కాంపౌండంతా చాటాడు. అది ఆయనకు తోచలేదు. ఇంతలో రైలు దిగి కుసుమ, రిబ్కా గేటులోకి వచ్చారు. రిబ్కా చూసీ చూడనట్టు లెక్కలగది వైపు నడిచింది. కుసుమను అక్కడే ఆపాడు.

"ఎవరు వెయ్యమన్నారు నా పేరు?"

"అంకె మార్చమంది మీరు సార్. మార్చినవాళ్ల పేరు పడింది."

"మార్చింది నేనా? నాకు మిషను ముట్టుకోడం తెలుసా?" ఆయన గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "రాసింది నువ్వు. నీ తెలివితో రాశావు, నీ చేత్తో రాశావు. కాదంటావా? మరి నీ పేరు పెట్టు. అదే న్యాయం."

ఆ మనిషి నోట్లోంచి వచ్చినా ఆ మాట అబద్ధం కాదు. కుసుమ రాత్రంతా పక్కమీద దొర్లుతూ తను తనతో అన్న మాట అదే.

"పెడతాను సార్. నా పేరు పెడితే అంకె అరవై ఒకటే పెడతాను."

"నిన్నిక్కడ ఉంచమని ఎవరన్నా బతిమాలారనుకుంటున్నావా? బాపట్లలో రాయి వేస్తే తగుల్తాడు మిషను నేర్చినోడు. రేపీపాటికి ఇంకోణ్ణి తెస్తా. నీ సామాను తీసుకుని పో."

ఆ పిల్ల సామాను అంటే టిఫిను డబ్బా, గొడుగు. అవి తీసుకోవడానికి గదిలోకి వెళ్లింది. వెళ్లి కుర్చీలో కూర్చుంది. రాయడానికి రెండు గంటలు పట్టిన ట్రిగ్గర్‌ను తీసెయ్యడానికి ఒక్క వరస చాలు. డ్రాప్ అని కొట్టింది. నలభై ఏడు తెరిచి ఆరు నొక్కింది, ఒకటి నొక్కింది, పక్కన రిబ్కా పేరు వేసింది. తెర మినుక్కుమంది. అంకె కదలలేదు. అలాగే బోనులో పడ్డ నలభై ఎనిమిదీ నలభై తొమ్మిదీ తెరిచింది. నోటుపుస్తకంలో రిబ్కా రాసిన అంకెలు చూసి దిద్దింది. మిషను ఆపలేదు. చూడదలిచినవాళ్లు చూడనీ అని తెర వెలుగుతుండగానే వదిలేసి గొడుగు తీసుకుంది.

బయటికి వచ్చేసరికి గొడౌను నిశ్శబ్దంగా ఉంది. లారీ డ్రైవరు బీడీ కాలుస్తూ మడ్‌గార్డు మీద కూర్చున్నాడు. లెక్కలగది కిటికీ దగ్గర బసవపున్నయ్య నిలబడి ఉన్నాడు. లోపల రిబ్కా లెక్కలో ఉంది. అతను నూరు పూర్తయ్యేదాకా ఆగి అడిగాడు.

"అక్కా, నలభై ఏడు ఎంత?"

"అరవై ఒకటి," అంది రిబ్కా.

బసవపున్నయ్య తలూపి గొడౌనులోకి నడిచాడు. పేర్చిన సంచుల నిట్టులో పైదాని దగ్గర ఆగాడు. సంచి మూతికి వేసేది గొలుసుకుట్టు. మధ్యలో తెంపితే ఊడదు, కొస తెలిసినవాడు లాగితే ఒక్క లాగుకే మొత్తం వస్తుంది. లాగాడు. కుట్టు బరబరా ఊడి ట్యాగు జారి నేల మీద పడింది. వడ్లు గుప్పెడు ఒలికాయి. కుట్టు ఊడిన సంచి విత్తనం కాదు, ఒట్టి వడ్లు. మిల్లుకు పోవలసిందే.

రెండో సంచి ఊడదీశాడు. ముఠాలో పెద్దవాడు తలగుడ్డ విప్పి భుజాన వేసుకుని మూడోదాని దగ్గరికి వెళ్లాడు. తర్వాత ఇంకొకడు. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. గొడౌను నిండా దారాలు ఊడుతున్న చప్పుడు.

మేడమెట్ల మీద హనుమంతరావు కనపడ్డాడు. "ఎవడ్రా విప్పమన్నది?"

"ఎవరూ అన్లేదండి," అన్నాడు బసవపున్నయ్య తల తిప్పకుండానే.

"ప్రకాశరావ్, ఆపు వాళ్లని."

ప్రకాశరావు రెండు మెట్లు దిగాడు. పన్నెండుమంది ముఠావాళ్లను చూశాడు. మూడో మెట్టు దిగలేదు.

కుసుమ గొడుగు గోడకు ఆనించింది. ఎదురుగా ఉన్న సంచి ట్యాగు పట్టుకుని దారం లాగింది. దారం వేలికి కోసుకుంది గానీ ఊడలేదు. ఇంకా గట్టిగా లాగింది. ముడి బిగుసుకుంది. ఈసారి రెండు చేతులతో పట్టింది.

"అటు కాదు అమ్మాయ్."

రిబ్కా ఎప్పుడు వచ్చిందో వెనకాల నిలబడి ఉంది. వేళ్లకు ఇంకా తడి కాగితం పీచు అంటుకునే ఉంది. కుసుమ చెయ్యి పట్టుకుని సంచి మూతికి ఆ చివరికి తీసుకెళ్లి, బిగుసుకున్న దారాన్ని గోరుతో వదులు చేసి, కొస ఆమె వేళ్ల మధ్య పెట్టింది.

"ఇప్పుడు లాగు."